నాలుగో బోను ఖాళీ

సెప్టెంబర్ 30, మంగళవారం

ఏడో మేతపెట్టె నేను కడగలేదని రాశారు. ఎర్ర ఉడతల సంఘం మినిట్స్ పుస్తకంలో, నా పేరు పెట్టి, మార్జరీ ఫెన్విక్ తన గుండ్రటి బడిపంతులమ్మ అక్షరాల్లో రాసింది: "ఏడవ పెట్టె శుభ్రతలో కెల్సీ టెల్ఫర్ నిర్లక్ష్యం వల్ల లార్చ్ చెట్ల వైపు ఎర్ర ఉడతలకు పొక్కుల రోగం సోకి ఉండవచ్చునని సభ్యులు భావించారు." భావించారట. పదకొండు మంది కూర్చుని, టీలో బిస్కెట్లు ముంచుకుంటూ భావించారు.

నేను కడిగాను. ప్రతి ఆదివారం కడిగాను. గులాబీరంగు మందుపొడి బకెట్లో కలిపి, పెట్టె మూత ఊడదీసి, గింజల తొక్కలు దులిపి, మూలల్లో బ్రష్షు పెట్టి తోమి, ఆరాక కొత్త గింజలు పోసి, షీటు మీద టిక్కు పెట్టాను. ఆ మందుకే నా గోళ్ళ చుట్టూ చర్మం ఊడిపోయింది. వచ్చి చూసుకోమనండి.

మార్జరీ నా మొహం చూడకుండానే మాట్లాడింది. "మనం ఎవరి మీదా నింద వెయ్యట్లేదు" అంది.

"మరి నా పేరెందుకు రాశారు?"

"పెట్టె నీదే కదమ్మా."

"పెట్టె నాదే. రోగం నాది కాదు. బూడిద ఉడత రాకుండా పొక్కులెలా వస్తాయి? అది మోసుకొస్తేనే కదా ఎర్రవాటికి అంటుకునేది? అది ఎటునుంచి వచ్చిందో ఒక్కరూ అడగరేం? నా బకెట్టు మీద పడ్డారేం అందరూ?"

"బోన్ల షీట్లు చూశాం. జూలై తర్వాత క్రాగ్‌షా అడవి చుట్టూ ఒక్క బోనులోనూ బూడిదది పడలేదు." మార్జరీ నెడ్ వైపు తిరిగింది. "అంతే కదా, నెడ్?"

నెడ్ మిల్బర్న్ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన చేతిలో టీ కప్పు సాసర్ మీద గలగలలాడింది. "షీట్లో ఉన్నదే" అన్నారు. అంతే.

ఆయన ఎంత నొచ్చుకున్నారో నాకు తెలుసు. నన్ను ఈ పనిలోకి తెచ్చింది ఆయన. పదహారేళ్ళప్పుడు బడి మానేసి సామిల్లు గేటు దగ్గర సిగరెట్లు కాలుస్తున్న దాన్ని పట్టుకుని, "ఊరికే పొగ ఊదకపోతే ఆ గింజల బస్తా మోయకూడదా?" అన్నది ఆయన. మనసు విరిగినవాడికి మాట రాదు. అందుకే ఊరుకున్నారు.

అక్టోబర్ 23, గురువారం, మళ్ళీ మీటింగ్. నా దగ్గరున్న అడవి గేటు తాళంచెవి వెనక్కి తీసుకోవాలా వద్దా అని ఆ రోజు చేతులెత్తుతారు. ఆరేళ్ళుగా ఆ తాళంచెవి నా మెడలో ఉంది. అది లేకపోతే నేను మిల్లులో పలకలు పేర్చే పిల్లని, అంతే.


అక్టోబర్ 1

నేను కడిగాను.


అక్టోబర్ 4, శనివారం

పోయిన వారమే పెట్టెలన్నీ దించేశాం. రోగం కనిపించిందంటే అదే మొదటి పని. అన్నీ ఒకే మూత ఎత్తి ఒకే చోట మూతి పెడితే ఒకదాన్నుంచి ఇంకొకదానికి అంటుకుంటుంది. పెట్టె లేని చెట్టుకి మేకుల గుర్తులు మాత్రం మిగిలాయి. ఆ గుర్తుల దగ్గరికే వచ్చి వాసన చూసి పోతున్నాయి. గింజలేవని నన్నడుగుతున్నట్టే ఉంది.

మధ్యాహ్నం తెల్లతోకది కనిపించింది.

పేరు పెట్టొద్దు అంటారు నెడ్. పేరు పెడితే చెయ్యి ఆగుతుంది అంటారు. నేను పెట్టలేదు. తోక ఎండకి వెలిసి మీగడరంగులో ఉంటుంది కాబట్టి తెల్లతోకది అంటాను, అది పేరు కాదు. జూలైలో మూడు పిల్లల్ని నోట కరుచుకుని ఒక గూటి నుంచి ఇంకో గూటికి మార్చింది. మూడు ట్రిప్పులూ నేను కింద కూర్చుని చూశాను, రొట్టె తినడం మర్చిపోయి.

ఇవాళ లార్చ్ మొదట్లో కూర్చుని ఉంది. నేను దగ్గరికెళ్ళినా కదల్లేదు. కళ్ళ చుట్టూ పచ్చి పుండ్లు, రెప్పలు అతుక్కుపోయాయి. ముందుకాళ్ళ వేళ్ళు వాచి ఉన్నాయి. ముట్టుకుంటే తప్పించుకోవాలని కూడా దానికి తోచలేదు.

మిల్లుకి ఫోన్ చేశాను. డగ్గీ రాబ్సన్ రంపం ఆపేసి పికప్ వేసుకొచ్చాడు. దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని ఒళ్ళో పట్టుకున్నాను.

"హెక్సమ్‌లో పశువుల డాక్టరు దగ్గరికే కదా?" అన్నాడు డగ్గీ.

"ఊఁ."

"బతుకుతుందా?"

"బతకదు. నొప్పి లేకుండా పోవాలని."

డగ్గీ రోజంతా వాగుతూనే ఉంటాడు. ఇవాళ దారంతా గుంటలు తప్పించడం మీదే ఉన్నాడు. వంతెన దాటకముందే పెట్టె బరువు మారింది. బరువు మారదు, నాకు తెలుసు. కానీ మారింది.

"ఇంక తిప్పెయ్" అన్నాను.

పిల్లలు మూడూ ఎక్కడున్నాయో తెలీదు.


అక్టోబర్ 5, ఆదివారం

రెండు సంచుల్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాను. సోమవారం ల్యాబ్‌కి పంపాలి. అమ్మ బఠాణీల కోసం ఫ్రీజర్ తెరిచి కేక పెట్టింది. "చచ్చిన ఉడతని నా చేపముక్కల పక్కన పెడతావా? నీకు బుద్ధుందా కెల్సీ!" నేను ఏడవడం చూసి, చేపముక్కలు పై అరలోకి మార్చి, "సరే ఉండనీ, దానికి మాత్రం ఎక్కడ చోటుంది" అంది.

సాయంత్రం నెడ్ వచ్చారు, మూడు లీక్ ఉల్లికాడలు కాగితంలో చుట్టుకుని. ఒక్కొక్కటి నా మోచెయ్యంత లావు. ఈ ఏడాది ఊరి లీక్‌ల పోటీలో ఆయనకి రెండో బహుమతి. మొదటిది మళ్ళీ ఎల్స్‌బర్న్ పోస్ట్‌మన్‌కే పోయింది. దాని గురించి మాట్లాడతారనుకున్నాను. మాట్లాడలేదు.

"తెల్లతోకది పోయిందట" అన్నారు.

"పేరు పెట్టొద్దన్నారుగా."

"నీ నోట విన్నదే అన్నాను." కాడలు బల్ల మీద పెట్టి, "కెల్సీ పిల్లా, ఒక మాట చెప్తా విను. తప్పయిపోయిందని ఒప్పేసుకో. మార్జరీ మనసు మంచిదే. వసంతం వచ్చేసరికి తాళంచెవి నీ చేతికే వస్తుంది. వాదిస్తే మొండికేస్తుంది, దాని సంగతి నీకు తెలీదు."

"నేను కడిగాను కదా నెడ్. కడిగిందాన్ని కడగలేదని ఎలా ఒప్పుకోను?"

ఆయన నా వైపు చూడలేదు. కిటికీలోంచి చూస్తూ, "కొన్నిసార్లు ఒప్పేసుకుంటే తేలిక" అన్నారు.

నా మంచి కోసమే అన్నారు. ఇంకెందుకంటారు?

ఆయన వెళ్ళాక మొదటి రోజు గుర్తొచ్చింది. బోనులో బూడిదది. నాకు పదహారేళ్ళు. గోనెసంచి మూతి బోను తలుపుకి ఎలా పట్టాలో, జంతువు దానంతటది సంచి మూలలోకి దూరాక గుడ్డ మీంచి తల ఎక్కడుందో వేళ్ళతో ఎలా తెలుసుకోవాలో చూపించారు. "ఒక్కటే దెబ్బ. రెండోది కావాల్సొస్తే ఈ పని మానెయ్. అది బతకడానికొచ్చింది, తప్పు దానిది కాదు. తప్పు లేనిదాన్ని చంపేవాడు చేతగానివాడైతే అంతకన్నా పాపం లేదు." నేను కొట్టాను. తర్వాత చెట్టు వెనక్కెళ్ళి కక్కుకున్నాను. ఆయన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, "ఏడుపు ఇంటికెళ్ళాక ఏడువు. ఇక్కడ మాత్రం చెయ్యి వణక్కూడదు" అన్నారు.

ఆరేళ్ళలో నలభై ఒకటి. నా చెయ్యి ఒక్కసారీ వణకలేదు.


అక్టోబర్ 8

వాళ్ళు అడగరు కాబట్టి నేనే అడుగుతాను. బూడిదది ఎటునుంచి వచ్చింది?

బోను తలుపు లోపలివైపు జిగురు బిళ్ళ అతికించడం నా సొంత తెలివి. మేతపెట్టెల మూతలకి అందరూ అతికిస్తారు, వెంట్రుకలు అంటుకుంటే ఏది వచ్చిందో తెలుస్తుందని. బోనుకి కూడా పెడితే, తలుపు పడకుండా లోపలికొచ్చి గింజలు తిని పోయినవాటి సంగతి కూడా తెలుస్తుంది కదా అనిపించింది. నెడ్ నవ్వారు. "బోనుకి తలుపే సాక్ష్యం, నీ బిళ్ళలు దేనికే" అన్నారు. అయినా శనివారం శనివారం పాత బిళ్ళలు తీసి, అగ్గిపెట్టెల్లో వేసి, బోను నంబరు, తేదీలు రాసి దాచాను. వేసవిలో మిల్లు పనితో చూడటం పడలేదు. అల్మరాలో ముప్పై నాలుగు అగ్గిపెట్టెలు ఉన్నాయి.


అక్టోబర్ 11, శనివారం

బడి మైక్రోస్కోపు ఊరి హాలు బీరువాలో ఉంటుంది. బీరువా తాళం మార్జరీ దగ్గర. అడిగితే ఇచ్చింది. "జాగ్రత్త. కడిగి తిరిగివ్వు" అంది. అన్నాక తనే నాలుక కరుచుకుంది. మైక్రోస్కోపు చంకన పెట్టుకుని వచ్చేశాను. ఏమన్నా అంటే దాంతోనే కొట్టేదాన్ని.

వంటింటి బల్ల మీద పెట్టి పొద్దున్నుంచీ చూశాను. ఇది ఎవరూ నేర్పలేదు, పుస్తకం చూసి నేనే నేర్చుకున్నాను. వెంట్రుకని సిరాలో ముంచి, నీళ్ళలో జాడించి, అద్దం మీద పెడితే చాలు. ఎర్రదాని వెంట్రుకకి పొడుగునా సన్నటి గాడి ఉంటుంది. సిరా అందులో నిలబడుతుంది, నల్లటి గీతలా. బూడిదదాని వెంట్రుక గుండ్రం. సిరా జారిపోతుంది, గీత ఉండదు.

ఒకటో బోనులో గీత. రెండోదాంట్లో గీత, ఇంకో బిళ్ళ మీద ఎలుక. మూడోదాంట్లో ఏమీ లేదు.

నాలుగో బోను, ఆగస్టు 23 నుంచి 30 వరకు. ఆ బిళ్ళ వేరేగా ఉంది. ఒకటి రెండు వెంట్రుకలు కావు, ఒత్తుగా ఒక కుచ్చు. జిగురు గోళ్ళతో గీరి గీరి లేచిపోయింది. పదకొండు వెంట్రుకలు ముంచి చూశాను. ఒక్కదానికీ గీత లేదు.

నాలుగో బోను క్వారీ కింద, వాగు ఒడ్డున ఉంది. అక్కడే లోపలికొచ్చిందన్నమాట. దొరికింది. నా బకెట్టు కాదు. నెడ్‌కి ఇప్పుడే చెప్పాలి, ఎంత సంతోషిస్తారో.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. లీక్ గుంట తవ్వుతూ ఉంటారు.


అక్టోబర్ 12, ఆదివారం

మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

బిళ్ళ ఉండేది తలుపు లోపలి మొహం మీద. తలుపు పైకి ఎత్తి ఉన్నప్పుడు ఆ మొహం కప్పు కింద నేలవైపు తిరిగి ఉంటుంది, కిందనుంచి దూరేదాని వీపు తగిలి ఒకటి రెండు వెంట్రుకలు అంటుకుంటాయంతే. ఆ ఎత్తులో ఏ జంతువుకీ గోళ్ళతో గీరడం కుదరదు. తలుపు పడ్డాకే గీరగలదు. అంటే పడింది. అంటే లోపల ఉంది.

తలుపు దానంతటది మళ్ళీ లేచి ఉండొచ్చు. గాలికి. ఇనప తలుపు.

ఎవడైనా దారిన పోయేవాడు జాలిపడి తీసి ఉండొచ్చు. ఇలాంటివాళ్ళు ఉంటారు, పట్నం నుంచి నడకకి వచ్చేవాళ్ళు. తీశాక నెడ్ రోజూ లాగే వెళ్ళి చూస్తే ఖాళీ. అందుకే ఖాళీ అని రాశారు. ఇది సరిగ్గా సరిపోతుంది. కానీ దారిన పోయేవాడు తలుపు మళ్ళీ ఎత్తి, కొక్కెం పెట్టి, కొత్త మొక్కజొన్న గింజలు పోసి, మీద నాచు కప్పి పోడు. ఆ శనివారం నేను వెళ్ళేసరికి బోను నీటుగా ఉంది. నెడ్ పెట్టినట్టే.

ఈ డైరీలోనే వెనక్కి తిప్పాను. ఆగస్టు 28, గురువారం. ఒక్క వాక్యం రాసుకున్నాను: "నెడ్ బొటనవేలికి ముళ్ళతీగ గీసుకుందట, మిల్లు దగ్గర ప్లాస్టరు వేశాను, రెండు గాట్లు, లోతుగా."

ముళ్ళతీగ గీస్తే గీత పడుతుంది. గాట్లు పడవు. రెండు, పక్కపక్కన.


అక్టోబర్ 14

ఇవాళ రాయను.


అక్టోబర్ 15, బుధవారం

పనికి ముందు, ఏడో పెట్టె తీసేసిన చోట నేను పెట్టిన కొత్త బోను చూశాను. పడింది. బూడిదది, ఆడది, బాగా బలిసి ఉంది. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. వాటికేం కాదు, మోసుకొస్తాయంతే.

ఒక్కటే దెబ్బ.

చెట్టు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది. ఆరేళ్ళ తర్వాత మళ్ళీ.


అక్టోబర్ 18, శనివారం

వెళ్ళాను. నెడ్ ఇంటి వెనక లీక్ గుంటలో వచ్చే ఏటికి పెంట వేస్తున్నాడు. అందులో బీరు కూడా పోస్తాడని ఊరంతా అంటారు, అడిగితే చెప్పడు.

"నాలుగో బోను" అన్నాను.

పార ఆపలేదు. "ఏమైంది దానికి?"

"ఆగస్టు ఇరవై ఎనిమిది. ఖాళీ అని రాశారు."

"రాస్తే ఖాళీయే అయ్యుంటుంది."

అగ్గిపెట్టె తెరిచి పట్టుకున్నాను. ఆయన చూశాడు. వంగి, దగ్గరగా చూశాడు. తర్వాత పార మట్టిలో గుచ్చి, దాని మీద రెండు చేతులూ వేసి నిలబడ్డాడు. అప్పుడు కనిపించింది. ఆ చేతుల కింద పార కర్ర సన్నగా వణుకుతోంది, మిల్లులో మోటారు నడిచేటప్పుడు గోడ వణికినట్టు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"శీతాకాలం నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"జూలైలో పడిందే, దాన్ని మూడుసార్లు కొట్టాల్సొచ్చింది కెల్సీ. మూడుసార్లు. సంచిలోంచి అరుస్తూనే ఉంది. ముప్పై ఏళ్ళలో నా చేతికింద ఏదీ అరవలేదు."

"ఒక్క ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చేదాన్ని."

"ఏమని చెయ్యను? నా చేతులు పోయాయి, నువ్వొచ్చి నా పని చెయ్యవే అననా?"

"అవును. అలాగే అనాలి."

తల అడ్డంగా ఊపాడు. "ఆ పొద్దున సంచి పట్టుకుని కూర్చున్నాను, బోను ముందు. ఎంతసేపో తెలీదు. సంచి మూతి కూడా తలుపుకి ఆనడం లేదు. చివరికి బోనుతో సహా వ్యాన్‌లో పెట్టాను. క్వారీ మలుపు దగ్గర ఆపి తలుపు తీస్తే కిందికి, రోడ్డువైపు పోతుందనుకున్నాను. అటు బూడిదవి ఎలాగూ ఉన్నాయి కదా. చెయ్యి పెట్టి తలుపు ఎత్తుతుంటే కరిచింది. కిందికి పోలేదు. పైకి పోయింది."

"లార్చ్‌ల్లోకి."

"ఊఁ."

"నా ఏడో పెట్టె దగ్గరికి."

పార వదిలేసి చేతులు జేబుల్లో దాచుకున్నాడు.

"తర్వాత బోను మళ్ళీ తెచ్చి పెట్టి, గింజలు పోసి, నాచు కప్పి, ఖాళీ అని రాశారు. సరే. చేతులు వణికాయి, అయిపోయింది. కానీ మీటింగ్‌లో కూర్చున్నప్పుడు మీ నోరు కూడా వణికిందా? మార్జరీ మిమ్మల్నే అడిగింది. అంతే కదా నెడ్ అంది."

"షీట్లో ఉన్నదే చెప్పాను."

"ఆ షీటు రాసింది మీరే కదా!"

అప్పుడు నా మొహంలోకి చూశాడు, ఈ నెలంతటికీ మొదటిసారి. "నీ షీటు రాసిందెవరు?" అన్నాడు.

అగ్గిపెట్టె మూశాను.

"సెప్టెంబర్ పద్నాలుగు. పోటీ మర్నాడు ఆదివారం. సోమవారం నేను ఏడో పెట్టె మూత ఎత్తి చూశాను. తొక్కలు అలాగే ఉన్నాయి. అడుగున బూజు. షీటు మీద మాత్రం టిక్కు, పక్కన కె.టి. అని. నేనెవరికైనా చెప్పానా? మీటింగ్‌లో అన్నానా? అనను కూడా. నువ్వు నాది దాచు, నేను నీది దాస్తాను. ఊరుకో పిల్లా, సరికి సరి."

చెయ్యి చాచి నా భుజం తట్టబోయాడు. వెనక్కి జరిగాను. అగ్గిపెట్టె జేబులో వేసుకుని వచ్చేశాను.

గేటు దాకా వచ్చాక వెనకనుంచి అరిచాడు, "ఏడో చోట పట్టుకున్నావట! ఒక్క దెబ్బేనా?"

తిరిగి చూడలేదు. ఒక్క దెబ్బేనని ఆయనకి తెలుసు.


అక్టోబర్ 19, ఆదివారం

సెప్టెంబర్ 14న కడగలేదు.

పదమూడు రాత్రి పబ్బులో నెడ్ రెండో బహుమతి పండగ. ఆయన పోయించినవి ఆయనే లెక్కపెట్టలేదు. ఆదివారం పొద్దున తల ఎత్తితే గది తిరిగింది. ఒక్క వారానికేమవుతుంది అనుకున్నాను. మధ్యాహ్నం వెళ్ళి గింజలు పోశాను, మూత ఊడదియ్యలేదు, బకెట్టు వెంట తీసుకెళ్ళలేదు. టిక్కు పెట్టాను. కె.టి.

ఈ డైరీలో కూడా రాయలేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను. ప్రతి ఆదివారం, ప్రతి ఆదివారం అని.

ఆ వారమే అంటిందేమో. కాదేమో. బూడిదది అప్పటికి రెండు వారాల నుంచి అక్కడే తింటోంది. కడిగినా అంటేదేమో. తెల్లతోకదాన్ని అడగాలి. అడగలేను.

నాకు కోపం ఎక్కడొస్తోందంటే, ఆయనకి నా పద్నాలుగో తారీఖు సోమవారం నాడే తెలుసు. తెలిసి తిట్టలేదు. ఎప్పుడూ తిట్టేవాడు, ఒక్క గింజ తొక్క మిగిలితే తిట్టేవాడు. ఆ సోమవారం మాత్రం ఏం అనకుండా మూత మూసేసి పోయాడు. ఎందుకంటే రోగం బయటపడితే తన తప్పు మోయడానికి నేను పనికొస్తానని అప్పటికే అనుకున్నాడు. ఇంక ఒప్పేసుకో పిల్లా అని లీక్ కాడలు పట్టుకొచ్చాడు.

వాటిని అమ్మ సూప్ చేసింది. తిన్నాను కూడా. బాగుంది.


అక్టోబర్ 20, సోమవారం

డగ్గీ మధ్యాహ్నం రొట్టె తింటూ అడిగాడు, "గురువారం నీ కోసం నేనొచ్చి చెయ్యెత్తనా? నేను సభ్యుణ్ణి కాదనుకో, అయినా ఎత్తుతా, రెండూ ఎత్తుతా."

"వద్దు" అన్నాను. నవ్వొచ్చింది. చాలా రోజులైంది.

లార్చ్ వైపు పొద్దున రెండు కనిపించాయి, ఈ ఏటి పిల్లలు. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఒకటి లార్చ్ కాయ ఒలిచి పొట్టు నా తల మీదే పడేసింది. తెల్లతోకదాని పిల్లలో కావో చెప్పలేను. చూశాను, అంతే.

కింద రాసింది కాపీ. అసలు కాగితం రేపు పొద్దున మిల్లుకి వెళ్తూ ఆయన తలుపు సందులోంచి లోపల పడేస్తాను.

*

నెడ్,

నువ్వు బోనులో పడ్డ బూడిదదాన్ని వదిలేశావు. ఖాళీ అని రాశావు. దాని మీద నన్ను నిలబెట్టి చూస్తూ కూర్చున్నావు.

చేతులు వణికినందుకు నిన్నేం అనను. నాకూ ఒక రోజు వణుకుతాయి. ఆ రోజు ఎవరికి చెప్పాలో నువ్వు నాకు నేర్పలేదు. అది నేర్పలేదనే నా కోపం. సంచి పట్టడం నేర్పావు, తల ఎక్కడుందో వెతకడం నేర్పావు, కక్కుకున్నాక టీ పోశావు. నలభై రెండింటిని నీ మాట మీద చంపాను. మొదటిది నువ్వు పక్కన నిలబడితే. ఆఖరిది నువ్వు వదిలింది.

నువ్వు సరికి సరి అన్నావు. ఇది నీకూ నాకూ మధ్య పేకాట కాదు. లార్చ్ వైపు ఇంకా ఎర్రవి ఉన్నాయి. నువ్వు ఖాళీ అని రాసినంత కాలం, క్వారీ వైపు దారి మూసి ఉందని అందరూ అనుకుంటారు. అక్కడ బోన్లు పెంచరు. ఇంకొకటి వస్తుంది. నువ్వు చెప్పకపోతే వస్తుంది.

నా ఆదివారం సంగతి గురువారం నేనే చెప్తాను. మార్జరీ పుస్తకంలో అది కూడా రాసుకోనీ. తాళంచెవి తీసుకుంటే తీసుకోనీ. దాన్ని నా మీద కత్తిలా పట్టుకోవాల్సిన పని నీకు లేదు, ఇంక అది నీ చేతిలో లేదు.

నీ గురువారం నువ్వు చెప్పాలి. ఆగస్టు 28, నాలుగో బోను, క్వారీ మలుపు. మీటింగ్‌లో, నీ నోటితో, లేచి నిలబడి. షీట్లో ఉన్నది కాదు, జరిగింది.

ఇంకొకటి. నీ గోనెసంచి నాకు కావాలి. నేను ఉన్నా పోయినా, ఆ సంచి ఇంక నువ్వు పట్టకూడదు. అరిచింది అన్నావు కదా. ఇంకోటి అరవకూడదు.

చెప్తానంటే ఆ సంచి తెచ్చి మా సామిల్లు గేటుకి తగిలించు. మాట్లాడక్కర్లేదు, నన్ను పిలవక్కర్లేదు. మీటింగ్ ఏడింటికి. గురువారం సాయంత్రం ఆరు దాకా గేటు చూస్తూ ఉంటాను.

ఆరింటికి గేటు ఖాళీగా ఉంటే, నాలుగో బోను అగ్గిపెట్టె తీసుకుని మీటింగ్‌కి నేనే వస్తాను.

కెల్సీ